ఒక్క ఫొటోలో ఎంత కాలం పడుతుంది?

ఫొటో తీయడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే చిటికెలో జవాబు చెప్తాం. ఒక్క ఫొటోలో ఎంత కాలం పడుతుందని అడిగితే మాత్రం కాస్త ఆగాలి. గోతంలో ధాన్యం పట్టినట్టు ఫొటోలో కాలం పడుతుంది. కొన్నిట్లో గుప్పెడు, కొన్నిట్లో గాదెడు. మనిషి ఫొటో చూస్తే వయసు తెలిసిపోతుంది. కొండ ఫొటోలోనో సముద్రం ఫొటోలోనో కాలం ఎక్కడుందో వెతుక్కోవాలి. అందుకే ఈ ప్రకృతి ఛాయాచిత్రాల విశేషాలను దేశాల వరసలో కాకుండా గడియారం వరసలో పేర్చాం. మొదట సెకను. కిందికి దిగేకొద్దీ కాలం పెరుగుతూ పోతుంది.

1 సెకను: తేదీ మరిచిపోయిన చంద్రోదయం

అమెరికాలోని న్యూ మెక్సికోలో ఓ సాయంత్రం ఏన్సెల్ ఆడమ్స్ కారులో తిరిగొస్తున్నారు. పక్కన హెర్నాండెజ్ అనే చిన్న పల్లె. వెనక మంచుకొండలు, వాటి మీద చందమామ, ముందు సమాధుల మీది తెల్లటి శిలువలు. వాటి మీద ఆఖరి ఎండ. బ్రేకు వేసి, కెమెరా బయటికి లాగి, వెలుగు కొలిచే మీటరు కోసం సామానంతా తిరగేశారు. దొరకలేదు. అదృష్టం కొద్దీ చందమామ వెలుగెంతో ఆ అంకె ఆయనకు కంఠతా వచ్చు. మనసులోనే లెక్క కట్టి 1 సెకను పాటు షట్టర్ తెరిచారు. రెండో ఫొటోకి సిద్ధమయ్యేలోపే శిలువల మీది ఎండ పోయింది. ఉన్నది ఆ ఒక్క నెగటివే.

చిత్రం ఏమిటంటే, ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ ఫొటో ఎప్పుడు తీశారో ఆయనకే గుర్తులేదు. ఒకసారి ఒక సంవత్సరం చెప్తే, ఇంకోసారి ఇంకొకటి చెప్పేవారు. చివరికి చందమామే సాక్ష్యం చెప్పింది. ఆకాశంలో చంద్రుడి ఎత్తు, కొండల తీరు చూసి ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్క వేశారు. 1991లో డెనిస్ డి చికో తేల్చిన లెక్క ప్రకారం అది 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకన్లు.

ఆ ఒక్క సెకను అక్కడితో ఆగిపోలేదు. ఆడమ్స్ తన జీవితకాలంలో ఆ నెగటివ్ నుంచి దాదాపు 1300 ప్రింట్లు వేశారు. తొలి ప్రింట్లలో ఆకాశం లేత బూడిదరంగు, మబ్బుల జాడలతో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతూ, చివరి ప్రింట్లలో కాటుకలా మారింది. ఆయన చిన్నప్పుడు పియానో నేర్చుకున్న మనిషి. నెగటివ్ స్వరం రాసిన కాగితమైతే ప్రింటు కచేరీ అని ఆయన అభిప్రాయం. త్యాగరాజ కీర్తన ఒక్కటే అయినా, ఒకే విద్వాంసుడు ముప్పైలో పాడినట్టు డెబ్బైలో పాడడు కదా!

3 క్లిక్కులు: రంగులు పూసుకున్న నది

కలర్ ఫిల్ము రాకముందే, 1909 నుంచి 1915 వరకూ, సెర్గెయ్ ప్రొకూదిన్ గోర్‌స్కీ రష్యా అంతా తిరిగి రంగుల ఫొటోలు తీశారు. జార్ చక్రవర్తి ఆయనకు డార్క్‌రూముతో కూడిన రైలుపెట్టె ఇచ్చారు. పద్ధతి సులువే: ఒకే దృశ్యాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలోంచి వెంటవెంటనే మూడుసార్లు నలుపు తెలుపులో తీయడం, తర్వాత మూడింటినీ కలపడం.

కొండకి, గుడికి ఇబ్బంది లేదు. మూడుసార్లూ అక్కడే ఉంటాయి. నది ఉండదు. మొదటి క్లిక్కుకి ఉన్న అల రెండోదానికి లేదు. అందుకే ఆయన ఫొటోల్లో ప్రవహించే నీటి అంచున ఎర్రటి, పచ్చటి, నీలపు గీతలు హోలీ ఆడినట్టు కనిపిస్తాయి. సాంకేతికంగా అది లోపం. కాలం గడిచిందనడానికి అంతకంటే అందమైన ఆనవాలు మాత్రం దొరకదు.

కొన్ని నిమిషాలు: బూటు పాలిష్ వల్ల మిగిలినవాడు

1838లో లూయీ డగేర్ పారిస్‌లోని తన కిటికీలోంచి బూల్వార్ దు టాంప్ల్ అనే వీధిని ఫొటో తీశారు. బళ్లు, గుర్రాలు, జనంతో కిక్కిరిసే వీధి. ఫొటోలో మాత్రం కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ. షట్టర్ నిమిషాల తరబడి తెరిచే ఉండటంతో కదిలినవాళ్లెవరూ పలకకు అంటలేదు.

ఒక మూల మాత్రం ఓ మనిషి నిలబడి ఉన్నాడు. ఒక కాలు ఎత్తి పెట్టుకున్నాడు. ఆ కాలి దగ్గర ఇంకో ఆకారం వంగి ఉంది. బూట్లు పాలిష్ చేయించుకుంటున్నాడన్నమాట! ఆ కాసేపు కదలకుండా నిలబడ్డందుకు, ఫొటోలోకి ఎక్కిన తొలి మనుషుల్లో వాళ్లిద్దరూ చరిత్రకి మిగిలారు. పేర్లు ఎవరికీ తెలియవు.

పావుగంట: 18,600 అడుగుల మీద పరుగు

1851లో ఫ్రెడెరిక్ స్కాట్ ఆర్చర్ కనిపెట్టిన ‘తడి పలక’ పద్ధతి సుమారు ముప్పయ్యేళ్లు రాజ్యమేలింది. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోయాలి, వెండి ద్రావణంలో ముంచాలి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫొటో తీయాలి, అక్కడికక్కడే కడగాలి. మొత్తం పది, పదిహేను నిమిషాల పని. అట్ల పిండి పెనం మీద ఆరేలోపు నూనె వేయాలన్నంత తొందర. కాబట్టి ఫొటోగ్రాఫర్ ఎక్కడికి వెళితే చీకటి గుడారం, రసాయనాలు, గాజుపలకల పెట్టెలు అక్కడికి వెళ్లాల్సిందే.

1863లో మన దేశానికి వచ్చిన శామ్యూల్ బోర్న్ ఈ సరంజామా అంతటినీ కూలీల తలల మీద పెట్టించి హిమాలయాలు ఎక్కారు. 1866లో స్పితి, కిన్నౌర్‌ల మధ్యనున్న మణిరంగ్ కనుమ మీద, 18,600 అడుగుల ఎత్తున, ఫొటోలు తీశారు. ఎత్తు విషయంలో ఆ రికార్డు దాదాపు 20 ఏళ్లు చెక్కుచెదరలేదు. ఫొటో కింద ఆయన పేరు ఉంటుంది. మోసినవాళ్ల పేర్లు ఉండవు.

75 నిమిషాలు: విరిగిపడ్డ ఊరంత మంచు

జేమ్స్ బాలోగ్ 2007లో ‘ఎక్‌స్ట్రీమ్ ఐస్ సర్వే’ మొదలుపెట్టి హిమానీనదాల ఎదుట కెమెరాలు బిగించారు. వాటంతటవే ఏళ్లకేళ్లు ఫొటోలు తీస్తూ పోయే కెమెరాలవి. 2008లో గ్రీన్లాండ్‌లోని ఇలులిస్సాట్ హిమానీనదం దగ్గర ఆయన బృందం కాపు కాసి ఉండగా మంచు విరగడం మొదలైంది. 75 నిమిషాల్లో 7.4 ఘనపు కిలోమీటర్ల మంచు సముద్రంలో పడింది. ‘చేజింగ్ ఐస్’ అనే 2012 నాటి డాక్యుమెంటరీలో ఆ దృశ్యం ఉంది. వేల ఏళ్లుగా పేరుకున్నది మన సినిమా ఇంటర్వెల్ పడేలోపే అయిపోయింది.

పగలంతా: రెండువైపులా ఎండ

ఈరోజుకీ మిగిలి ఉన్న తొలి కెమెరా ఫొటో ఫ్రాన్స్‌లోని ల్ గ్రా అనే చోట, నిసెఫోర్ నియెప్స్ తన ఇంటి మేడ కిటికీలోంచి తీసింది. 1826 లేదా 1827 నాటిది. సత్తు కలిసిన లోహపు రేకు మీద ఒక రకం తారు పూసి కెమెరాలో పెట్టారు. ఎండ తగిలినచోట తారు గట్టిపడింది. తగలనిచోట మెత్తగా ఉండిపోయింది. ఆ తర్వాత లావెండర్ నూనెతో రేకును కడిగితే మెత్తటి తారు పోయి బొమ్మ తేలింది. మనం రీళ్ల కాలంలో “ఫొటోలు కడిగించారా?” అని అడిగేవాళ్లం చూడండి, ఆ మాట ఫొటో పుట్టిన రోజుకి కూడా అక్షరాలా సరిపోతుంది.

ఆ బొమ్మలో ఒక వింత ఉంది. పెరటికి ఎడమవైపు గోడ మీదా ఎండ ఉంది, కుడివైపు గోడ మీదా ఎండ ఉంది. తూర్పున పొద్దు పొడిచిందీ, పడమట వాలిందీ ఒకే ఫొటోలో పడ్డాయన్నమాట. ఎక్స్‌పోజర్ 8 గంటలని చాలాకాలం చెప్పుకున్నారు. కొన్ని రోజులు పట్టి ఉండొచ్చని ఇప్పుడు కొందరి వాదన.

చరిత్రకారుడు హెల్ముట్ గెర్న్‌షైమ్ 1952లో ఈ రేకు జాడ పట్టేదాకా అది ఓ ట్రంకుపెట్టెలో పడి ఉంది. ఇప్పుడు టెక్సస్ విశ్వవిద్యాలయంలో, హ్యారీ రాన్సమ్ సెంటర్‌లో చూడొచ్చు. ఎదురుగా నిలబడితే అద్దంలా మన మొహమే కనిపిస్తుంది. తల కాస్త పక్కకి వంచితే గానీ ఆనాటి ఎండ కనబడదు.

రెండు పూటలు: అతుకు మబ్బులు

1850ల నాటి గాజుపలకలకు నీలిరంగంటే మహా తొందర. సముద్రం సరిగ్గా పడేలోపు ఆకాశం తెల్లకాగితంలా పేలిపోయేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల్ గ్రే 1856, 57 ప్రాంతాల్లో దీనికో ఉపాయం పన్నారు. సముద్రాన్ని ఒక నెగటివ్ మీద, మబ్బుల్ని ఇంకో నెగటివ్ మీద తీసి, దిగంతం గీత దగ్గర అతికి ఒకే ప్రింటు వేశారు. చూసినవాళ్లు అలా ఎలా తీశాడా అని నోళ్లు వెళ్లబెట్టారు. తర్వాత కొందరు పరీక్షగా చూస్తే, ఒకే మబ్బుగుంపు రెండు వేర్వేరు సముద్రాల మీద తేలుతూ దొరికిపోయింది!

అదే దశాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన లినేయస్ ట్రైప్‌ది ఇంకా సూటి పద్ధతి. కాగితం నెగటివ్ మీద రంగుతో తానే మబ్బులు దిద్దేసేవారు. ఇవాళ ఫోనులో వేలితో నొక్కి ఆకాశం మార్చేసేవాళ్లు తమదే కొత్త విద్య అనుకోనక్కర్లేదు.

ముందూ వెనకా: గులకరాళ్ల సాక్ష్యం

1855లో క్రిమియా యుద్ధభూమిలో రోజర్ ఫెంటన్ ఒకే లోయని, ఒకేచోట నిలబడి రెండు ఫొటోలు తీశారు. ఒకదాంట్లో ఫిరంగిగుండ్లు దారి మీద పడి ఉన్నాయి. ఇంకోదాంట్లో దారి ఖాళీగా ఉంది, గుండ్లన్నీ పక్కనున్న గోతిలో ఉన్నాయి. ఏది ముందు తీసింది? గుండ్లను దారి మీద తెచ్చి పరిచారా, దారి మీంచి తీసేశారా? ఒకటి నాటకం, ఇంకొకటి నిజం అవుతుంది.

డాక్యుమెంటరీ దర్శకుడు ఎరల్ మోరిస్ 2007లో ఈ ప్రశ్న పట్టుకుని ఏకంగా క్రిమియా వెళ్లొచ్చారు. ఎండ, నీడ, అన్నీ లెక్కేసినా తేలలేదు. చివరికి వాలు మీదున్న నాలుగైదు చిన్న రాళ్లు తేల్చాయి. ఒక ఫొటోకీ రెండోదానికీ మధ్య అవి కాస్త కిందికి జారాయి. ఎవరో కాలితో కదిపితే రాళ్లు కిందికి దొర్లుతాయి గానీ పైకి ఎక్కవు కదా. ఆ లెక్కన దారి ఖాళీగా ఉన్నదే ముందుది. గుండ్లు తర్వాత వచ్చి చేరాయి.

3 ఏళ్లు: చూడని లోయకి సంతకం

కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో కంచర గాడిదల మీద సామాను వేసుకుని కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయకి వెళ్లారు. ఆయన గాజుపలకలు 18 అంగుళాలకి 22 అంగుళాలు. ఫొటోని పెద్దది చేసే సౌకర్యం అంతగా లేని కాలం కాబట్టి ప్రింటు ఎంత కావాలో కెమెరా అంత ఉండాలి. ఆ ఫొటోలు న్యూయార్క్ దాకా చేరాయి. 1864 జూన్ 30న అబ్రహాం లింకన్ ఆ లోయని ప్రజల కోసం శాశ్వతంగా కాపాడాలనే చట్టం మీద సంతకం చేశారు. లింకన్ ఆ లోయని ఎన్నడూ చూడలేదు.

లోయ మిగిలింది గానీ వాట్కిన్స్‌కి ఏమీ మిగల్లేదు. ముసలితనంలో చూపు మందగించింది. 1906లో శాన్ ఫ్రాన్సిస్కో భూకంపం, ఆ వెంట చెలరేగిన మంటలు ఆయన స్టూడియోని, నెగటివ్‌లని బూడిద చేశాయి.

8 ఏళ్లు: డబ్బాలో దాక్కున్న సూర్యుడు

2012లో ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రెజీనా వాల్కెన్‌బర్గ్, ఓ ఖాళీ బీరు డబ్బాకి సూది బెజ్జం చేసి, లోపల ఫొటో కాగితం పెట్టి, అక్కడి వేధశాల టెలిస్కోపుకి కట్టారు. తర్వాత దాని సంగతి మరిచిపోయారు. 2020 సెప్టెంబరులో ఎవరో విప్పి చూస్తే, ఆకాశమంతా వంగిన గీతలు. రోజుకో గీత చొప్పున సూర్యుడు గీసినవి 2,953. ఎనిమిదేళ్ల పైచిలుకు ఒక్క కాగితం మీద.

ఇది ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. మూతున్న పాలపొడి డబ్బా, ఒక సూది, బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకి వాడే ఫొటో కాగితం ఉంటే చాలు. చీకటి గదిలో కాగితాన్ని డబ్బా లోపలి గోడకి ఆనించి, బెజ్జం దానికి ఎదురుగా వచ్చేట్టు పెట్టి, పిట్టగోడకి గట్టిగా బిగించాలి. నెలల తరబడి అలాగే వదిలేశాక మళ్లీ చీకట్లోనే తీయాలి. ఈ కాగితాన్ని మాత్రం కడగకూడదు. కడిగితే అంతా నలుపే! ఎండ సొంతంగా వేసిన బొమ్మని అలాగే ఒక్కసారి స్కాన్ చేసుకోవాలి. ఉత్తరాయణంలో రోజుకో మెట్టు ఎక్కి, దక్షిణాయనంలో రోజుకో మెట్టు దిగే సూర్యుడు, మబ్బు పట్టిన రోజుల్లో తెగిన గీతలు, మొత్తం పంచాంగం కనిపిస్తుంది.

మనవాళ్లు గమనించాల్సిన తిరకాసు ఒకటుంది. ఇంగ్లండ్‌లో ఏడాదంతా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపే ఉంటాడు. హైదరాబాద్‌లో అలా కాదు. మే రెండో వారం ప్రాంతంలో నడినెత్తి దాటి ఉత్తరానికి జరిగి, ఆగస్టు మొదట్లో తిరిగి వస్తాడు. పేపర్లలో ‘నీడ మాయమయ్యే రోజు’ అని రాస్తారే, ఆ రెండు రోజులవే. కాబట్టి దక్షిణానికి తిప్పి పెట్టిన మన డబ్బాకి ఆ మూడు నెలల మధ్యాహ్నాలు వీపు వెనక జరిగిపోతాయి.

10 ఏళ్లు: ద్రాక్షతోటల మధ్య ఖాళీ

ప్రపంచంలో అత్యధికులు చూసిన ఫొటోల్లో ఒకటి మీరూ చూసే ఉంటారు. నెట్ సెంటర్‌లో గంటకి ఇంతని కట్టి కూర్చున్న రోజుల్లో, విండోస్ ఎక్స్‌పీ తెర మీద కనబడే పచ్చటి గుట్ట, నీలాకాశం. పేరు ‘బ్లిస్’. 1996 జనవరిలో చార్లెస్ ఓరియర్ కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో కారులో వెళుతూ, వాన వెలిసిందని ఆగి, ఫిల్ము మీద తీసింది. రంగులు కంప్యూటర్‌లో పూసినవని చాలామంది నమ్మకం. అవి ఫిల్ముతో వచ్చినవే.

ఇంతకీ గుట్ట మీద గడ్డి ఎందుకుంది? అది ద్రాక్షతోటల నేల. వేళ్లు కొరికే ఫైలోక్సెరా పురుగు పట్టి రైతులు తీగలు పీకేయడంతో, ఆ మధ్యకాలంలో గడ్డి మొలిచింది. 2006లో ఇద్దరు కళాకారులు అదే చోటికి వెళితే, గుట్ట నిండా మళ్లీ ద్రాక్ష వరసలు. లోకమంతా నిత్యమైన పచ్చదనం అనుకున్నది, ఓ రైతుకి పంట పోయిన ఏడు.

19 ఏళ్లు: తిరిగొచ్చిన వెన్నెల

ఆడమ్స్ చందమామతో ఇంకో పేచీ. యోసెమిటీలోని గ్లేసియర్ పాయింట్ నుంచి తీసిన ఆయన ఫొటో ఒకదానికి కూడా తేదీ సరిగ్గా లేదు. టెక్సస్ ఖగోళ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ ఓల్సన్ బృందం లెక్క కట్టి, అది 1948 సెప్టెంబరు 15 సాయంత్రం 7 గంటల 3 నిమిషాలని తేల్చింది. అంతటితో ఆగక, అదే చంద్రుడు అదే చోటికి 2005 సెప్టెంబరు 15న వస్తాడని చెప్పింది. ఆ సాయంత్రం వందలాది మంది కెమెరాలతో అక్కడ గుమిగూడారు. చందమామ మాట తప్పలేదు.

రహస్యం 19 ఏళ్ల చక్రంలో ఉంది. 19 సౌర సంవత్సరాలంటే దాదాపు కచ్చితంగా 235 చాంద్రమాసాలు. 1948 నుంచి 2005కి 57 ఏళ్లు, మూడు చక్రాలు. మన పంచాంగంలో 19 ఏళ్లకి 7 అధికమాసాలు వచ్చేది ఈ లెక్క సరిపెట్టడానికే. మీ పుట్టినరోజు తేదీ, తిథి రెండూ ఒకే రోజున కలిసేది కూడా సుమారుగా 19, 38, 57 ఏళ్లకే. పంచాంగం చూసుకుంటే తెలుస్తుంది.

22 ఏళ్లు: బంగాళాదుంప రంగులు

పారిస్‌లో ఆల్బేర్ కాన్ అనే బ్యాంకరు, లోకం మారిపోయేలోపు దాన్ని దాచిపెట్టాలని సంకల్పించి 1909 నుంచి 1931 వరకూ దేశదేశాలకి ఫొటోగ్రాఫర్లను పంపారు. పోగైన రంగుల ఫొటోలు 72,000. ఆ ఆటోక్రోమ్ పలకల్లో రంగు ఎక్కడిదనుకున్నారు? సూక్ష్మమైన బంగాళాదుంప పిండి రేణువులకి మూడు రంగులు అద్ది గాజు మీద చల్లారు. 1929 ఆర్థిక సంక్షోభంలో కాన్ ఆస్తి కరిగిపోయింది. ఫొటోలు మాత్రం పారిస్ పక్కనే ఆయన పేరిటి మ్యూజియంలో ఉన్నాయి.

86 ఏళ్లు: మెలరీ నిలబడ్డ చోట

ఎవరెస్టు మీద ప్రాణాలు వదిలిన జార్జ్ మెలరీ, అంతకు మూడేళ్ల ముందు 1921లో, టిబెట్ వైపు నుంచి రోంగ్‌బుక్ హిమానీనదాన్ని ఫొటో తీశారు. పర్వతారోహకుడు డేవిడ్ బ్రెషియర్స్ ఆ ఫొటో చేతపట్టుకుని 2007లో అదే చోటు వెతికి, అక్కడే నిలబడి మళ్లీ తీశారు. శిఖరం గీత గీసినట్టు అలాగే ఉంది. కింద తెల్లటి నదిలా ఉండాల్సిన మంచు మాత్రం సుమారు 100 మీటర్ల మేర కిందికి కుంగింది. ఒక్క ఫొటో చూస్తే అందమైన కొండ. రెండూ పక్కపక్కన పెడితే వైద్యుడు చూపించే ఎక్స్‌రే.

ఇంచుమించు 130 ఏళ్లు: యాభై రూపాయల నోటు మీద లేని గోపురం

పర్సులో కొత్త 50 రూపాయల నోటుంటే తీసి వెనక్కి తిప్పండి. హంపి విఠ్ఠలాలయంలోని రాతిరథం కనిపిస్తుంది. పైన చదునుగా ఉంది కదా. మద్రాసు సైన్యంలో అధికారి అలెగ్జాండర్ గ్రీన్‌లా 1856లో, మైనం పూసిన పెద్ద కాగితపు నెగటివ్ మీద ఇదే రథాన్ని తీశారు. ఆ ఫొటోలో రథం నెత్తిన ఇటుకల గోపురం ఉంది! తర్వాతి కాలంలో దాన్ని తీసేశారు. కృష్ణదేవరాయలు ఏలిన నగరాన్ని మనం ఎన్నిసార్లు చూసొచ్చినా, ఆ గోపురాన్ని చూడాలంటే గ్రీన్‌లా ఫొటో లాంటి పాత ఫొటోలే దారి.

ఆ నెగటివ్‌లు చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1980లో బయటపడ్డాక, ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ గ్రీన్‌లా కెమెరా పెట్టిన చోట్లనే వెతికి వెతికి మళ్లీ ఫొటోలు తీశారు. జతలు జతలుగా చూస్తుంటే కూలిన స్తంభాలు, తుడిచిన పొదలు, కొత్తగా నిలబెట్టిన రాళ్లు తెలుస్తాయి. వెనకనున్న బండరాళ్ల గుట్టలు మాత్రం అంగుళం కదల్లేదు.

వెయ్యేళ్లు: 3023లో కడిగించాల్సిన ఫొటో

అమెరికాలో టూసాన్ నగరం పక్కన టుమామాక్ గుట్ట మీద ఓ స్తంభానికి రాగి గొట్టం బిగించి ఉంది. జొనథన్ కీట్స్ అనే కళాకారుడి ‘మిలీనియం కెమెరా’ అది. బంగారు రేకుకి సూది బెజ్జం, లోపల రోజ్ మ్యాడర్ అనే వర్ణద్రవ్యం పూత. వెలుగు తగిలినచోట ఆ రంగు మెల్లమెల్లగా వెలిసిపోతుంది. ఎక్స్‌పోజర్ వెయ్యేళ్లు. వెయ్యేళ్లూ నిలిచిన కొండ స్పష్టంగా పడుతుంది. మధ్యలో కట్టి కూల్చిన ఇల్లు దయ్యంలా పడుతుంది. ముందు కూర్చుని ఫొటోకి పోజిచ్చిన మనిషి ఆనవాలు కూడా ఉండదు. అక్కడ ఒక బెంచీ మాత్రం వేశారు.

1,700 ఏళ్లు: నీళ్ల కింద రాజధాని

ఎ.ఆర్. సరస్వతి అనే తెలుగు సహాయకుడు పురావస్తు శాఖ తరఫున తిరుగుతూ 1926లో నాగార్జునకొండ శిథిలాలను గుర్తించారు. కృష్ణ ఒడ్డున, కొండల మధ్య లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటి స్తూపాలు, విహారాలు. నాగార్జునసాగర్‌కి 1955లో శంకుస్థాపన జరిగేనాటికే లోయ మునుగుతుందని తెలుసు. 1954 నుంచి 1960 వరకూ ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో గడియారంతో పోటీపడి తవ్వారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి ఎత్తారు, కొన్నిటి నమూనాలు అనుపులో కట్టారు.

ఎత్తలేనిది లోయ. లాంచీలో మ్యూజియం దీవికి వెళుతుంటే మనం ఆ ఊరి ఆకాశంలో వెళుతున్నట్టే. కట్టడాలన్నీ ఒకదానికొకటి ఎంత దూరంలో, ఏ కొండ నీడన ఉండేవో చెప్పడానికి మ్యూజియంలో లోయ నమూనా, ఆ రోజుల్లో తవ్వకాల వాళ్లు తీసిన నలుపు తెలుపు ఫొటోలు మిగిలాయి.

యుగాలు: గీతకి పైన గాలి, కింద నీళ్లు

ఆదిమానవుడు చూసిన దృశ్యాన్ని ఉన్నదున్నట్టు మనం చూడగలమా? జపాన్ ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోటోకి వచ్చిన సందేహం ఇది. కొండలు అరుగుతాయి, అడవులు పోతాయి. సముద్రం ఒక్కటే అలా ఉండొచ్చనుకుని 1980లో జమైకాలో కరీబియన్ సముద్రంతో మొదలుపెట్టారు. ఆ తర్వాత ప్రపంచంలోని సముద్రాలెన్నో. ఓడ లేదు, పక్షి లేదు, ఒడ్డు లేదు. ఫొటోకి సరిగ్గా నడుమ ఒక అడ్డగీత. విశాఖ బీచిలో పొద్దున్నే నిలబడి రెండు చేతులూ చెంపలకి అడ్డం పెట్టుకుంటే ఆ ఫొటో ఖర్చు లేకుండా చూడొచ్చు.

చివరగా, 10 సెకన్లు

మా ఇంట్లో ఒక ఫొటో ఉంది. చెరువు గట్టు, తాటిచెట్ల వరస, దూరంగా పాకలు. మనుషులెవరూ లేరు. కృష్ణా జిల్లా సముద్రతీరానికి దగ్గర్లోని మా ఊరే. 1977 నవంబరు ఉప్పెనకి ముందు తీసిందని మా మేనత్త అంటుంది. “ఉప్పెనకి ఆ చెట్లన్నీ పోలేదంటమ్మా, తర్వాతదే అది” అని మా బాబాయి అంటాడు. ప్రతి సంక్రాంతికీ ఈ పంచాయితీ నడుస్తుంది. తిప్పి చూస్తే వెనక స్టూడియో ముద్ర తప్ప ఏమీ లేదు. తేదీ, ఊరు రాయడానికి 10 సెకన్లు పట్టేది. ఎవరూ రాయలేదు.

పోనీ ఖగోళ శాస్త్రజ్ఞుల్ని అడుగుదామా అంటే, మా ఫొటోలో చందమామ కూడా లేడు.